ఆరు రేకుల ధర్మం

కోనసీమలో ఆశ్వయుజం దాటిందంటే ప్రతి మనిషీ సముద్రం కేసి తిరిగి ఓ దండం పెట్టుకుంటాడు, "తల్లీ, ఈ ఏటికి మా జోలికి రాకు" అని. ఆ ఏడాది చామర్తి భీమశంకరం ఒక్కడే "తల్లీ, ఒక్కసారి వచ్చి పో" అని మొక్కుకున్నాడు.

మనిషి చెడ్డవాడు కాడు. వెనకటి తుఫానుకి తన ఇంటి పెంకులు ఎగిరిపోతే, అవి ఎవరి నెత్తిన పడ్డాయోనని పక్కవీధంతా తిరిగి పరామర్శించి వచ్చినవాడు. కానీ వీరాస్వామి ధర్మనిధిలో ఆయన విపత్తుల రంగానికి అధికారి. డాక్టరుకి జబ్బులూ, ప్లీడరుకి తగువులూ ఎలాగో భీమశంకరానికి గాలివానలు అలాగ.

ఆ ధర్మనిధి పుట్టుక గురించి కొంచెం చెప్పాలి. పుచ్చల వీరాస్వామి కొబ్బరికాయల వ్యాపారంలో బాగా గడించాడు. ఆయన బతికున్నన్నాళ్ళూ ధర్మం చెయ్యడం చాలా సులువుగా ఉండేది. పొద్దున్నే అరుగు మీద కూర్చునేవాడు. వచ్చినవాడి మొహం ఓసారి చూసేవాడు. రొంటిన దోపుకున్న సంచీ తీసి ఇచ్చేవాడు. ఒక్కోసారి తిట్టి ఇచ్చేవాడు, ఒక్కోసారి ఇచ్చి తిట్టేవాడు. పోయేముందు తోటలన్నీ ధర్మానికి రాసి పోయాడు. దానికి అధ్యక్షుడైన మనవడు శశిభూషణానికి మాత్రం, మొహం చూసి డబ్బివ్వడం మోటుగా తోచింది. హైదరాబాదు నుంచి అఖిలేష్ అనే సలహాదారుణ్ణి పిలిపించాడు.

అఖిలేష్ వచ్చీ రాగానే వీరాస్వామి పద్ధతికి "ఆధారరహిత దాతృత్వం" అని పేరు పెట్టి, ఆ పద్ధతిని రద్దు చేశాడు. గోడ మీద తెల్ల కాగితం అంటించి ఆరు రేకుల పువ్వు గీశాడు. విద్య, వైద్యం, మహిళ, పర్యావరణం, కళలు, విపత్తులు. ఒక్కో రేకూ ఒక్కో రంగం. ఇకమీదట ధర్మనిధి ఇచ్చే ప్రతి పైసా ఏదో ఒక రేకులోంచే రాలాలి.

"ఒక రేకు పొడుగూ, ఒక రేకు పొట్టీ అయితే దాన్ని పువ్వంటారా?" అని అడిగాడు.

అనరని అందరూ ఒప్పుకున్నారు.

"మన దాతృత్వం పువ్వులా ఉండాలా, గోంగూర కట్టలా ఉండాలా?"

పువ్వులాగే ఉండాలని తీర్మానమైంది. దాంతోపాటు ఒక నియమం కూడా పుట్టింది. మార్చి ఆఖరుకి ఏ రంగం తన వాటా పూర్తిగా ఖర్చు పెట్టలేక పొట్టిగా మిగిలిపోతుందో, వచ్చే ఏడాది మిగతా ఐదు రేకుల్నీ సరిగ్గా ఆ కొలతకి కత్తిరిస్తారు. సమానత్వం కోసం.

మొదటి ఏడాది దేవుడి దయవల్ల రెండు తుఫాన్లూ ఒక వరదా వచ్చాయి. పువ్వు ముచ్చటగా విచ్చుకుంది. అఖిలేష్‌కి ఎక్కడో సన్మానం కూడా జరిగింది. రెండో ఏడాదే వచ్చింది చిక్కు.

శ్రావణంలో గోదావరి పెరిగింది. భీమశంకరం దుప్పట్లు దులిపించి సిద్ధం చేసుకున్నాడు. వరద మొదటి హెచ్చరిక దాకా వచ్చి, గుమ్మంలో చెప్పులు ఎక్కువున్నాయని వెనక్కి మళ్ళిన చుట్టంలా తిరిగి వెళ్ళిపోయింది. దీపావళికి ముందు బంగాళాఖాతంలో వాయుగుండం పుట్టింది. మధ్యాహ్నం భోజనాలు మానేసి ఆఫీసంతా టీవీ ముందు కూర్చుంది. వాయుగుండం తుఫాను అయింది. తుఫాను తీవ్రమైంది. అందరూ చప్పట్లు కొట్టారు. అంతలో అది ఉత్తరంగా తిరిగి ఒడిశా దారి పట్టిందని టీవీలో అమ్మాయి నవ్వుతూ చెప్పింది.

విద్యా రంగం చూసే విజయదుర్గ కళ్ళు తుడుచుకుంది. ఆమె చేతి కింద తల్లీతండ్రీ లేని ఆడపిల్లల హాస్టలు ఒకటి నడుస్తోంది. విపత్తుల రేకు సున్నా అయితే విద్య రేకూ సున్నాయే. వచ్చే జూన్‌కి పిల్లల్ని ఎక్కడికి పంపాలో ఆవిడకి తెలియదు.

"సార్, మిమ్మల్ని నేనెప్పుడూ ఏమీ అడగలేదు," అంది. "ఆ పిల్లల మొహం చూసైనా ఒక్క మంచి తుఫాను చూడండి సార్."

"నా చేతిలో ఏముందమ్మా?" అన్నాడు భీమశంకరం.

"అలా అనకండి. మీరు తలుచుకుంటే..." అని ఆగిపోయిందావిడ. ఆగిపోయాక తను ఏమంటున్నదో తనకే తెలిసింది. ఇద్దరూ చెరో కిటికీలోంచి ఆకాశం చూశారు. ఆకాశం కడిగిన పళ్ళెంలా ఉంది.

మాఘమాసంలో ఒకరోజు కొప్పాడి బంగారమ్మ ఆఫీసుకి వచ్చింది. సముద్రపు ఒడ్డున దొడ్డిలంకలో ఉంటుంది. చేపలమ్ముకుంటుంది. భర్త పోయాడు. పిల్లలు లేరు. రెండ్రోజుల కిందట పొయ్యిలో నిప్పు లేచి ఆమె తాటాకిల్లు కాలిపోయింది.

"దండాలు బాబూ," అంది, తట్ట గుమ్మం పక్కన దించి. "మీ కాడ ఆరు రేకులున్నాయంటగదండీ. ఊరంతా అనుకుంటన్నారు. నాకు ఆరూ వొద్దండి. నాలుగిప్పిత్తే సాలు. సిన్నిల్లు."

ఆ రేకులు వేరని భీమశంకరం ఓపిగ్గా చెప్పాడు. గోడ మీది పువ్వు చూపించాడు.

"పువ్వు రేకులాండీ?" బంగారమ్మ దగ్గరికెళ్ళి చూసింది. "వానొత్తే ఇయ్యి ఆగుతాయాండీ?"

భీమశంకరం నియమావళి తెరిచాడు. ఏకకాలమున పాతిక కుటుంబములకు తగ్గకుండ నష్టము వాటిల్లినచో దానిని విపత్తుగా పరిగణించవలెనని అందులో ఉంది.

"ఒక్క ఇల్లు కాలితే దాన్ని ప్రమాదం అంటారమ్మా. మాది విపత్తు."

"మీరేవన్నా కాలిపోయిందైతే కాలిపోయింది గదండీ."

"పక్కిళ్ళకేమీ..." అని మొదలుపెట్టి, సిగ్గేసి ఆగాడు. అయినా ఉద్యోగం కదా, అడక్క తప్పలేదు. "పక్కిళ్ళకేమీ అంటుకోలేదా?"

"లేదండి, అమ్మోరి దయ. పేటంతా బిందెలట్టుకుని పరిగెత్తుకొచ్చేశారు. మా ఇంటితోనే ఆగిపోయింది."

భీమశంకరం బరువుగా నిట్టూర్చాడు. ఆ పేట జనం కొంచెం నెమ్మదస్తులై ఉంటే ఈ పాటికి తన రేకు ఎదిగి ఉండేదన్న ఆలోచన వచ్చింది. దాన్ని చూసి తనే భయపడి, ఆమెని వెంటబెట్టుకుని మిగతా రంగాల వాళ్ళ దగ్గరికి బయల్దేరాడు.

వైద్యం డాక్టరు గారు ఆమెని కూర్చోబెట్టి అడిగాడు. "ఒళ్ళేమైనా కాలిందా?"

"లేదండి. అప్పుడు నేను సేపలమ్ముకోడానికి ఎల్లాను."

"అయ్యో, ఇంట్లో ఉండాల్సింది," అన్నాడాయన, చాలా బాధపడుతూ.

మహిళా రంగంలో ఒంటరి ఆడమనిషికి ఇవ్వరు, సంఘానికిస్తారు. పదిమందిని పోగుచేసుకుని రమ్మన్నారు. పర్యావరణం ఆయన తాటాకు కాలితే ఎంత పొగ వస్తుందో వివరించి, ఇకమీదట కాలనివ్వనని ఆమె చేత ప్రమాణం చేయించి, ఒక కానుగ మొక్క చేతికిచ్చాడు. కళల రంగం కుర్రవాడు ఉత్సాహంగా ముందుకి వంగి, "ఇదే బాధని పాట కట్టి పాడగలవా పెద్దమ్మా?" అన్నాడు. ఆమె పాడలేనంది. విజయదుర్గ మాత్రం ఏమీ అడక్కుండా టీ ఇప్పించింది.

బంగారమ్మ టీ తాగి, మొక్క తట్టలో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆ రాత్రి భీమశంకరానికి అన్నం సయించలేదు.

ఫాల్గుణం రాబోతుండగా శశిభూషణం అత్యవసర సమావేశం పెట్టాడు. ఐదు రంగాల వాళ్ళూ ఒక వరసలోనూ, వాళ్ళకెదురుగా భీమశంకరం ఒక్కడూ కూర్చున్నారు.

"భీమశంకరం గారూ, ఒక ప్రశ్న," అన్నాడు అఖిలేష్. "విపత్తు సంభవించలేదు. అంగీకరిస్తున్నాను. కానీ విపత్తు సంభవించే దిశగా మీ రంగం నుంచి ఎటువంటి చొరవ తీసుకోబడింది?"

"అది ప్రకృతి చేతిలో ఉంటుంది కదండీ."

"ప్రకృతి మన భాగస్వామి కాదు. మనతో ఏ ఒప్పందం మీదా సంతకం చెయ్యలేదు. బయటివాళ్ళ మీద ఆధారపడిన రంగం ఎన్నటికీ స్వయంసమృద్ధం కాజాలదు."

"ఆహా," అన్నాడు శశిభూషణం.

భీమశంకరం గొంతు సవరించుకున్నాడు. "దొడ్డిలంకలో ఒకామె ఇల్లు కాలిందండి. ఈ ఒక్కసారికీ నియమం సడలిస్తే..."

"ఒక్క ఇల్లేనా?"

"ఒక్కటేనండి."

అఖిలేష్ కలం అంచుతో గడ్డం గోక్కున్నాడు. "మిగతావి కాలడానికి ఎంత వ్యవధి పట్టవచ్చు?"

అఖిలేషే తల అడ్డంగా ఆడించాడు. "వద్దు. నిప్పుకి క్రమశిక్షణ లేదు. నీరు నయం. నీటిని కొలవవచ్చు, ఆపవచ్చు. మనమే ఒక వరద నిర్వహిద్దాం. మోకాలి లోతున, పరిశుభ్రంగా, ముందుగా తెలియజేసి, ఎవరికీ ప్రాణహాని లేకుండా. దీన్ని సంస్థాగత వరద అందాం."

ఎవరూ నవ్వలేదు. భీమశంకరం విజయదుర్గ వైపు చూశాడు. ఆవిడ హాస్టలు తలుచుకుని, కళ్ళు మూసుకుని చెయ్యి ఎత్తింది. మిగతా చేతులూ లేచాయి. చివరికి భీమశంకరం చెయ్యి కూడా లేచింది.

వరద బాధిత కుటుంబానికి రేకులూ, దుప్పట్లూ, బియ్యం బస్తా, బకెట్టూ ఇస్తారని ప్రకటన వెలువడింది. మర్నాడు పొద్దున్న భీమశంకరం వచ్చేసరికి ఆఫీసు మెట్ల నిండా సర్పంచులు.

"మా తాతల కాడ్నించీ మునుగుతున్నాం సార్," అన్నాడొకాయన. "మునగడంలో మాకున్న అనుభవం ఈ చుట్టుపక్కల ఎవరికీ లేదు."

"మాది పల్లం. చెంబుడు నీళ్ళు పోసినా వారం నిలుస్తాయి," అన్నాడింకొకాయన.

మూడో ఆయనది మెరక మీది ఊరు. ఆయన కోపంతో ఊగిపోతూ వచ్చాడు. "నీళ్ళు నిలవవని మమ్మల్ని తీసేత్తారాండీ? మెరకన పుట్టడం మా తప్పా? ఊరి సుట్టూరా గట్టేసుకుంటాం. మీరు వరద ఇప్పించండి, నిలబెట్టుకునే పూచీ మాది. ఆయ్!"

సిఫారసులు వచ్చాయి. ఒక పెద్దమనిషి ఫోను చేసి, తన బావమరిది ఊరికి కనీసం సగం వరదైనా మంజూరు చెయ్యమన్నాడు. భీమశంకరం ఊళ్ళన్నీ తిరిగి పల్లం కొలిచాడు. కొలవగా కొలవగా దొడ్డిలంక తేలింది. అక్కడి ఇళ్ళు పల్లంలోనే ఉన్నాయి, బీదవి కూడాను. అన్నింటికీ మించి బంగారమ్మ అక్కడే ఉంది. ఆ పేట మునిగితే ఆమెకి కాలిపోయిన ఇంటికి బదులు మునిగిపోయిన ఇంటి కింద రేకులు ఇవ్వచ్చు. చాలా రోజుల తర్వాత ఆయనకి ఆ పూట ఆకలేసింది.

కాలవ నీళ్ళు అడిగితే కాలవల ఆఫీసు వాళ్ళు, సాగుకీ తాగడానికీ తప్ప మునగడానికి నీళ్ళు వదిలే పద్ధతి లేదన్నారు. దాంతో ట్యాంకర్లు కుదుర్చుకోవలసి వచ్చింది. వరద నీరు తాగినా జబ్బు చెయ్యకూడదని వైద్యం డాక్టరు గారు పట్టుబట్టారు. అందుకని శుద్ధి చేసిన మంచినీళ్ళే తెప్పించారు.

వరద రోజు దొడ్డిలంకలో షామియానా వేశారు. వేదిక మీద ధర్మనిధిని నడిపే ధర్మకర్తలూ, వాళ్ళ కుటుంబాలూ, సర్పంచులూ కూర్చున్నారు. వరద బాగా కనపడాలని వేదికని పేటలోకెల్లా పల్లపు చోట కట్టారు. వేదిక పక్కనే ఒక గుంజ పాతి, మోకాలి ఎత్తున ఎర్రగీత గీశారు. శశిభూషణం కొబ్బరికాయ కొట్టాడు. అఖిలేష్ పచ్చజెండా ఊపాడు. ట్యాంకర్ల గొట్టాలు ఒక్కసారి విప్పారు.

దొడ్డిలంకలో నూతులన్నీ ఉప్పు. పదిరోజులకోసారి వచ్చే కుళాయి కోసం ఆడవాళ్ళు చీకటితో లేచి వరసలో నిలబడతారు. ఈ సంగతి సమావేశంలో ఎవరూ అడగలేదు గనక ఎవరూ చెప్పలేదు. తియ్యటి నీళ్ళు మట్టి మీద పడ్డ చప్పుడు వినగానే పేట పేటంతా బయటికొచ్చింది. బిందెలు, బకెట్లు, గంగాళాలు, పిల్లల్ని స్నానం చేయించే తొట్లు, ఏది దొరికితే అది. గొట్టంలోంచి వస్తున్న వరద నేల మీద పడకముందే బిందెల్లో పడిపోతోంది.

భీమశంకరం మైకు అందుకున్నాడు.

"అమ్మా! అక్కలూ! దయచేసి వరదని ఇళ్ళకి మోసుకుపోకండి! అది మీరు మునగడానికి తెచ్చిన వరద! తల్లీ, ఆ బిందె దించు! మీ క్షేమం కోసమే చెబుతున్నాను, మునగండి!"

ఎవరూ వినలేదు. గుంజ చుట్టూ నేల కనీసం బురదైనా కాలేదు. మైకు పడేసి జనంలోకి పరిగెత్తిన భీమశంకరానికి బంగారమ్మ ఎదురైంది. చంకన బిందె, నెత్తిన బిందె.

"మంచి పని సేయించారు బాబూ," అంది, ముఖమంతా నవ్వుతో. "పేటలో పిల్లలు మంచినీళ్ళు కడుపునిండా తాగి ఎన్నాళ్ళయిందో."

"అది కాదు బంగారమ్మా, మీరు మునిగితేనే నీకు రేకులు..." అంటూ ఆమె ఇంటి వైపు చూసి ఆగిపోయాడు. కాలిపోయిన చోట కొత్త ఇల్లు నిలబడి ఉంది. పచ్చి వాసాలు. మీద తాటాకు ఇంకా లేత రంగులోనే ఉంది. గుమ్మం పక్కన కానుగ మొక్క.

"ఇదెవరు కట్టించారు?"

"ఇంటికో తాటాకు మోపు ఇచ్చారండి. ఎదురింటాయన వాసాలిచ్చాడు. మగోళ్ళంతా ఓ పూట సేపలేట మానేసి కప్పేశారు."

"ఎవరు మంజూరు చేశారు?" ఆయన నోట్లోంచి ఆ మాట దానంతట అదే వచ్చేసింది.

"మంజూరేటండీ? కాలిపోయింది గదా," అంది ఆమె, ఈయనకి ఒంట్లో బాగుందో లేదోనని చూస్తూ.

ఆయన ఆ లేత తాటాకుని చేత్తో తడిమి చూశాడు. నవ్వొచ్చింది. ఆ వెనకే ఏడుపూ వచ్చింది. రెండింటిలో ఏదీ బయటికి రాకముందే అఖిలేష్ కేక వినపడింది.

"మిగిలిన ట్యాంకర్లన్నీ వేదిక దగ్గరికి తీసుకురండి! జనానికి అందకుండా ఒక్కసారే వదలండి!"

నాలుగు పెద్ద ట్యాంకర్లు వెనక్కి నడుచుకుంటూ వేదిక వైపు వచ్చాయి. ఆ పల్లపు చోట పైకి పొడిగా కనపడుతున్నా లోపలంతా ఒండ్రు బురదే. మొదటి ట్యాంకరు వెనక చక్రం ఒక పక్కకి దిగబడింది. బండి నెమ్మదిగా, ఆలోచించుకుంటున్నట్టుగా, వేదిక మీదికి ఒరిగింది. మూత ఊడింది. నీళ్ళన్నీ ఒక్క పెట్టున ధర్మకర్తల ఒళ్ళో పడ్డాయి. షామియానా గుంజలు లేచిపోయి, గుడ్డ అందరి మీదా కప్పుకుంది. వెనకున్న డ్రైవర్లు కంగారుపడి తమ గొట్టాలు కూడా విప్పేశారు.

ఎవరికీ దెబ్బలు తగల్లేదు. అందరూ నిలువునా తడిశారు. పల్లం గనక నీళ్ళు ఎటూ పోకుండా అక్కడే నిలిచాయి. విజయదుర్గ నీళ్ళలో తేలుతున్న కుర్చీని తోసుకుంటూ గుంజ దగ్గరికి వెళ్ళి గావుకేక పెట్టింది.

"సార్! ఎర్రగీత! గీత మునిగింది!"

గుడ్డ కింద నుంచి అఖిలేష్ గొంతు వచ్చింది. "కుటుంబాలు? ఎన్ని కుటుంబాలు?"

భీమశంకరం లెక్కపెట్టాడు. ధర్మకర్తలు, వాళ్ళ వియ్యంకులు, బావమరుదులు, సర్పంచులు. అందరూ వేరువేరు కాపురాలే. పాతిక దాటారు.

"విపత్తేనండి!" అన్నాడు.

గుడ్డ కింద చప్పట్లు మోగాయి.

ఇక నియమం ప్రకారం సహాయం బాధితులకే చెందాలి. దొడ్డిలంక వాళ్ళలో ఒక్కరికీ నష్టం కలగలేదు, పైగా లాభం కలిగింది. కాబట్టి మర్నాడు ఆఫీసు ముందు ధర్మకర్తలూ, అఖిలేషూ, వాళ్ళతో పాటు తడిసినవాళ్ళంతా వరసలో నిలబడ్డారు. దాతా గ్రహీతా ఒక్కరే కాకూడదని ఇంకో నియమం ఉండటంతో పంపిణీ భారం భీమశంకరం మీద పడింది. ఆయన బల్ల వెనక కూర్చుని ఒక్కొక్కర్నీ పిలిచాడు.

"పేరు?"

"ఏమిటయ్యా, నన్నెరగవా?" అన్నాడు శశిభూషణం.

"ఎరుగుదును సార్. లబ్ధిదారుణ్ణి ముందుగా ఎరిగి ఉండటం నిషేధం సార్. పేరు?"

చెప్పాడు.

"నష్టపోయిన వస్తువులు?"

"బూట్లు."

"ఇంకా?"

శశిభూషణం అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. "పరువు."

"అది వస్తువుల్లోకి రాదండి. ఎడమపక్కకి వెళ్ళి దుప్పట్లు తీసుకోండి."

అధ్యక్షుల వారు దుప్పట్లు తీసుకుని, నాలుగడుగులు వేసి, అఖిలేష్ చేతిలోని దుప్పటిని వేళ్ళతో నలిపి చూశాడు. వెంటనే వెనక్కి వచ్చాడు. "ఆయనది మందంగా ఉంది. నాకెందుకు పల్చటిది ఇచ్చారు? అందరికీ ఒకటే ఇవ్వాలి కదా!" ఆయన వెనకున్న ఇద్దరు ధర్మకర్తలు బకెట్టు చిల్లి గురించి గొడవపడ్డారు. చాన్నాళ్ళ తర్వాత భీమశంకరం తన ఉద్యోగాన్ని మనసారా ఆనందించాడు.

ఇచ్చిన రేకులు బాధితుడి ఇంటి మీద కనపడాలన్నది మరో నిబంధన. తనిఖీకి వస్తారు గనక శశిభూషణం తన పాలరాతి మేడ మీద రేకులు కప్పించుకున్నాడు. మిగతా పెద్దలూ అంతే. ఆ నెలంతా ఊళ్ళో గొప్పవాళ్ళ మేడలన్నీ రేకుల షెడ్లలా ఎండలో తళతళలాడాయి. పువ్వు మాత్రం ఆరు రేకులూ సమానంగా పూసింది. హాస్టలు నిలిచింది. విజయదుర్గ అందరికీ మిఠాయి పంచింది.

బంగారమ్మ చేపల తట్టతో ఆ వీధుల్లోంచే వెళ్తుంటుంది. మేడ మీది రేకులు చూసింది. వరద నీళ్ళు బాబుగోర్ల మీద పడ్డం ఆమె కళ్ళారా చూసిందే. పాపం, ఇల్లుదాకా పోయిందన్నమాట అనుకుంది. వెళ్ళి పేటలో చెప్పింది.

నాలుగు రోజుల తర్వాత ఆఫీసు ముందు ఒక రిక్షాబండి ఆగింది. అందులో బియ్యం, ఎండుచేపలు, ఉతికి మడిచిన పాతచీరలు, పైన ఓ పది తాటాకు మోపులు. పక్కన బంగారమ్మ.

"ఇదంతా ఏమిటి?" అన్నాడు భీమశంకరం.

"ఇంటికింత ఏసుకున్నావండి. బాబుగోర్లకి ఇచ్చెయ్యండి. రేకుల కింద ఉడికిపోతన్నారు పాపం, పైన తాటాకేసుకుంటే సల్లగుంటాది."

"ఏ రంగం కింద..." అనబోయాడు భీమశంకరం. ఆమె మొహం చూశాడు. తనే వంగి బియ్యం మూట దింపి లోపలికి మోసుకెళ్ళాడు.

బియ్యమూ ఎండుచేపలూ ఎవర్నీ అడక్కుండా ఆ పూటే హాస్టలుకి పంపేశాడు. పిల్లలు ఎండుచేపల వేపుడుతో తృప్తిగా తిన్నారని విజయదుర్గ చెప్పింది. తాటాకు మాత్రం పెరట్లో దాచే వీలు లేక బయటపడింది. సంగతి తెలిసి అఖిలేష్ పరుగున వచ్చాడు. భీమశంకరం తిట్లు తినడానికి సిద్ధపడ్డాడు.

అఖిలేష్ కళ్ళు మెరుస్తున్నాయి.

"మీకు అర్థమవుతోందా? ఇది ఇంతవరకూ ఎవరూ తాకని రంగం! పేదల నుంచి సంస్థకి దాతృత్వం! ప్రతిదాతృత్వం!" అంటూ గోడ దగ్గరికి పరిగెత్తి పువ్వుకి ఏడో రేకు గీశాడు. "దీనికి అధికారి మీరే. మీ జీతం పెంచుతున్నాం. ఒక్కటే షరతు. వచ్చే మార్చికి ఇది కూడా మిగతా రేకులంత పొడవు కావాలి."

"అంటే, మనం వాళ్ళకి ఎంతిస్తామో వాళ్ళూ మనకి అంత..."

"అంతా! సరిసమానంగా! లేకపోతే మిగతా ఆరూ కత్తిరించవలసి వస్తుంది కదా."

భీమశంకరం రాజీనామా రాద్దామనే కూర్చున్నాడు. రాయబోతే హాస్టలు గుర్తొచ్చింది. ఎండుచేపలు తిన్న పిల్లలు గుర్తొచ్చారు. కలం మూసి, గొడుగు తీసుకుని, మండుటెండలో దొడ్డిలంక బయల్దేరాడు. దారి పొడుగునా ఆమెని ఎలా అడగాలో మాటలు కూర్చుకున్నాడు. ఏ మాటా కుదరలేదు.

బంగారమ్మ గుమ్మంలో కూర్చుని చేపలు తోముతోంది. చెమటతో చొక్కా ఒంటికి అతుక్కుపోయి వస్తున్న మనిషిని చూసి చెయ్యి కడుక్కుని లేచింది.

"అదేటి బాబూ, ఇలాగయిపోయారు? మళ్ళీ తడిశారా ఏటి?"

భీమశంకరం నోరు తెరిచాడు. ఆయన జవాబు కోసం ఆమె ఆగలేదు. అరుగు మీద నీడలో ఆయన్ని కూర్చోబెట్టి, చెంబుతో మంచినీళ్ళు చేతికిచ్చి, పక్కిళ్ళ వైపు తిరిగి కేకేసింది.

"ఒసేయ్, రండే! బాబుగోర్లు మళ్ళీ మునిగిపోయారంట! బియ్యం తియ్యండి!"